తాత బాయికాడి తూతుపండ్ల చెట్టు

సంక్రాంతికి రేగుపండ్లు. ఎండలు ముదిరితే మొర్రిపండ్లు, తునికిపండ్లు. రోహిణి కార్తెకు ఈతపండ్లు, తొలకరికి నేరేడు, దసరా ముందర సీతాఫలం. దేవరకొండ చుట్టుపక్కల పెరిగిన వాళ్ళకు ఏడాదంతా ఈ లెక్కనే గుర్తుంటుంది. నా లెక్కలో ఇంకొకటి కూడా ఉంది. శివరాత్రికి అందుకొని ఉగాదికల్లా అయిపోయే తూతుపండ్లు. రేగు అయిపోయి, మొర్రి ఇంకా రాని ఆ నడిమి రోజుల్లో మా ఊరి పిల్లలకు నోట్లో వేసుకోవడానికి దొరికేది అదొక్కటే. ఊరు మొత్తానికి చెట్టు కూడా ఒక్కటే. అది మా తాత బాయికాడ ఉండేది.

ఉర్దూ షహతూత్‌ను మా ఊరు తూతు చేసుకుంది. బడిలో సార్లు మల్బరీ అనేవాళ్ళు. నిఘంటువు తీస్తే కంబళిచెట్టు అని ఉంటుంది.

మాది మోటబాయి. నాకు బుద్ధి తెలిసేనాటికే మోట పోయి ఆయిల్ ఇంజను వచ్చింది. అయినా ఎడ్లు ముందుకూ వెనక్కూ నడిచిన ఏటవాలు బాట, బండలు పేర్చి కట్టిన తొట్టి అట్లనే ఉండేవి. తొట్టిలోంచి కాలువ మొదలయ్యే చోట నేల ఎప్పుడూ తడి ఆరేది కాదు. సరిగ్గా అక్కడ ఉండేది చెట్టు. చుట్టూ అంతా చెల్క, రాళ్ళు, తుమ్మ కంప. ఆ ఎర్రటి ఎండలో అది ఒక్కటే పచ్చగా, సగం కొమ్మలు బాయి మీదికి వంచి నిలబడేది. మొదలు ఇద్దరు పిల్లలం చేతులు కలిపితే గాని అందేది కాదు. మా ముత్తాత సంతకు పోయి వస్తూ ఎవరి తోటలోనో కొమ్మ ఒకటి అడిగి తెచ్చి, చేతికర్ర పట్టుకున్నట్టే పట్టుకొని నడిచొచ్చి, ఆ బురదలో గుచ్చాడని అవ్వ చెప్పేది. ఎవరి తోటో ఆమెకూ తెలియదు.

పండు చిటికెన వేలి మొదటి కణుపంత ఉండేది. అంతకంటే పొడుగు కాదు. జొన్నకంకికి గింజలు పట్టినట్టు చిన్న చిన్న గుండ్లు ఒత్తుగా పట్టి ఉండేవి. ఒక్కో గుండు ఒక్కో పువ్వు నుంచి వస్తుందని, మనం ఒక పండని తినేది నిజానికి పూగుత్తి మొత్తమని చాలా ఏళ్ళకు చదువుకున్నాను. ముందు పచ్చగా గట్టిగా ఉండి, తర్వాత తెల్లబారి, ఎర్రబడి, ఆఖరున నల్లగా నిగనిగలాడేది. ఎర్రది తింటే నోట్లో పళ్ళు పులిసిపోయేవి. నల్లది తీపి. కానీ ఉత్త తీపి కాదు, మింగిన తర్వాత నాలుక అంచున ఒక పులుపు మిగిలేది. ఆ పులుపు కోసమే ఇంకొకటి తినేవాళ్ళం. బాగా పండినదాన్ని తెంపే పని కూడా లేదు, కింద దోసిలి పట్టి కొమ్మను తాకితే తొడిమతో సహా రాలేది. బాయిలో రాలిన పండ్ల కోసం చేపలు పైకొచ్చేవి. మేం గడ్డ మీద పడుకొని తొంగి చూస్తూ, ఏ చేప ఏ పండు అందుకుంటుందో పందెం కాసేవాళ్ళం.

ఇంకో గుర్తు చెప్పాలి, ముందు ముందు దానితో పని ఉంది. మా చెట్టు పండు మీద సన్నటి వెంట్రుకలు ఉండేవి, ముదురు రంగులో, ఒక్కో గుండు కొసన ఒకటి. పట్నం నుంచి వచ్చిన చుట్టాల పిల్లలు పురుగులేమోనని ఉఫ్ ఉఫ్‌మని ఊది తినేవాళ్ళు. మేం చూసుకునేవాళ్ళమే కాదు.

పండ్లు రాల్చడానికి అవ్వ తాత గొంగడి పరిచేది. కురుమోళ్ళు నేసిన నల్ల గొంగడి, దాని మీద ఎంత రసం కారినా మరక కనబడదు. పెద్దనాయిన కొమ్మెక్కి ఊపేవాడు. ఆకు, పుల్ల, చీమ, పండు అన్నీ కలిసి గొంగడిలో పడేవి. అవ్వ కూర్చొని ఏరేది, మోదుగాకు డొప్పల్లో పోసేది. ఒక డొప్ప సాకలి పెద్దమ్మకు, ఒకటి బడి పంతులు ఇంటికి, ఒకటి కొత్తగా నీళ్ళోసుకున్న కోడలుండే ఇంటికి. పంచడానికి పోయేది మేమే.

"తొవ్వల తినుకుంట పోకుండ్రి. డొప్ప నిండుగ పోవాలె."

"సంతల అమ్మరాదె అవ్వా, పైసలొస్తయి గదా" అన్నాడొకసారి మా అన్న.

"గిది సంతకు పోయే పండు గాదు బిడ్డా. పొద్దుమూకేసరికి నీరైతది."

ఆమె చెప్పింది నిజం. పొద్దున కోసిన తూతుపండు సాయంత్రానికే మెత్తబడి రసం వదులుతుంది, మర్నాటికి పులిసిన వాసన వేస్తుంది. బాలానగర్ సీతాఫలం గంపలకెత్తి హైదరాబాదు దాకా పోతుంది, మా నల్లగొండ బత్తాయి లారీలకెక్కి దేశమంతా తిరుగుతుంది. తూతుపండు ఊరు దాటదు. చెట్టున్న ఊళ్ళో పుట్టినవాళ్ళకే దాని రుచి తెలుస్తుంది. అంగడిలో ధర పలకని పండు కాబట్టే ఆ చెట్లను ఎవరూ పట్టించుకోలేదని, అవి ఒక్కొక్కటే పోతున్నా ఎవరికీ తెలియలేదని నాకనిపిస్తుంది.

ఇక మరకలు. బడికి తెల్లచొక్కా. పొద్దున బాయికాడికి పోయి ఆ చొక్కాతోనే బడికి పోతే పంతులు బెత్తం, ఇంటికొస్తే అమ్మ చెయ్యి. సబ్బు పెట్టి రుద్దితే మరక పోకపోగా ఊదారంగుది కాస్తా నీలంగా మారేది. అవ్వ పద్ధతి వేరు. మరక మీద పచ్చి కాయ చిదిమి, ఆ రసంతో రుద్దేది. మరక ముందు ఎర్రబడేది, తర్వాత పలచబడేది, మంచినీళ్ళతో జాడిస్తే పోయేది. పండు రంగు పులుపు తగిలితే ఎరుపుకు, సబ్బు తగిలితే నీలానికి తిరుగుతుందని ఇంటర్‌లో కెమిస్ట్రీ ల్యాబులో లిట్మస్ కాగితం ముంచినప్పుడు అర్థమైంది. అవ్వకు ఆ సంగతి చెప్తే, "గందుకే సబ్బు బెట్టొద్దన్న" అంది.

ఎండాకాలం మొదట్లో గులాబీ గోరింకలు గుంపులుగా దిగేవి. ఒళ్ళు గులాబీ రంగు, తల, రెక్కలు నల్లవి. మధ్య ఆసియా నుంచి చలికాలానికి మన దిక్కు వచ్చి, తిరిగి పోయే లోపల జొన్నచేలు, మోదుగుపూలు, మర్రిపండ్లు ఏదీ వదలవు. అవి చెట్టు మీద వాలితే ఆకు కదలని చోటు ఉండేది కాదు. తాత జొన్నచేను కాపలాకు ఒడిసెల పట్టుకొని మంచె ఎక్కేవాడు గానీ, ఈ చెట్టు మీది పిట్టల మీదికి రాయి విసరనిచ్చేవాడు కాదు. కింది కొమ్మలు మావి, పై కొమ్మలు వాటివి.

నేను హైస్కూల్లో ఉన్నప్పుడు చిన్నాయన పట్టుపురుగుల పెంపకం మొదలుపెట్టాడు. మన చుట్టూ పట్టు నేసే ఊళ్ళకు కొదవ లేదు. పోచంపల్లి అప్పుడు మా జిల్లాలోనే ఉండేది, అవతల గద్వాల, నారాయణపేట. నేతగాళ్ళకు కావలసిన పట్టు నూలు మాత్రం ఎక్కువగా బెంగుళూరు దిక్కు నుంచి రావాల్సిందే. మన దగ్గరే పట్టుగూళ్ళు పండిస్తే బాగుంటుందని ఊళ్ళోకి వచ్చిన ఆఫీసర్లు చెప్పారు. చిన్నాయన బాయి కింద మల్బరీ తోట పెట్టి, తోట పక్కన రేకుల షెడ్డు వేశాడు.

ఆ తోట చూసి ఇదీ తూతు చెట్టేనా అని మేం ఆశ్చర్యపోయాం. నడుమెత్తు పొదలు, సాళ్ళు సాళ్ళుగా. ఆకు అరచేతికి మించి, దళసరిగా, నూనె రాసినట్టు మెరిసేది. పండు మాత్రం కంటికి కనబడేది కాదు. పంట పంటకూ కొమ్మ కోస్తూనే ఉంటారు, కాయ నిలవడానికి తీరికేది? అక్కడక్కడ ఒకటి కాసినా చిన్నాయన గిల్లి పారేసేవాడు. తోటకు బలమంతా ఆకులోకి పోవాలి.

పురుగులను సాకడం పసిపిల్లలను సాకినట్టే. చాకీ పురుగులప్పుడు, అంటే అవి ఇంకా పసివిగా ఉన్నప్పుడు, లేత ఆకును సన్నగా తరిగి చల్లాలి. పురుగు నాలుగు సార్లు జ్వరం పడుతుంది. జ్వరమంటే రోగం కాదు, తిండి మాని తల పైకెత్తి కదలకుండా ఉండి, చర్మం విడిచి లేవడం. నాలుగో జ్వరం లేచిన తర్వాత మొదలవుతుంది అసలు తిండి. పురుగు జన్మంతా తినే ఆకులో 80 శాతానికి పైగా ఆ ఆఖరి వారంలోనే తింటుంది. ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండేది కాదు. నడిజాము లేచి లాంతరు పట్టుకొని ఆకు వేసి వచ్చేవాళ్ళం. ఒళ్ళు పండిన పురుగు అద్దంలా పారదర్శకమవుతుంది, దాన్ని ఏరి చంద్రికలనే వెదురు తట్టల మీద వేస్తే దారం చుట్టుకుంటుంది.

ఒక పంటకు సరిగ్గా ఆ ఆఖరి వారంలో తోటలో ఆకు అయిపోయింది. చిన్నాయనకు వేరే దారి లేకపోయింది. బాయికాడి చెట్టెక్కి మొత్తం ఆకు దూశాడు, చిటారు కొమ్మ దాకా. దసరా పోయిన రోజులవి. అవ్వ పొలం నుంచి వచ్చి బోడిగా నిలబడ్డ చెట్టును చూసింది.

"పండ్ల చెట్టును గట్ల బోడి జేస్తారుర? కడుపుతోనున్న దాని నెత్తి గొరిగినట్టున్నది."

చాలా రోజులు చిన్నాయనతో మాట్లాడలేదు. అన్నం పెట్టేది, మాట మాత్రం లేదు. చెట్టు ఇక ఎండిపోతుందనే అనుకుంది. మూడు నాలుగు వారాలకు కణుపు కణుపుకూ చిగురు తోసుకొచ్చింది. ఆ చిగురుతో పాటే, ఆకు మొదట్లో ఒకటీ అరా కాదు, వరసగా ఆకుపచ్చ పూత. సంక్రాంతికి ముందే, రేగుపండ్లతో పోటీగా తూతుపండ్లు. ఊరంతా వచ్చి చూశారు. అవ్వ మొదటి డొప్ప నింపి చిన్నాయన చేతికే ఇచ్చింది.

ఇందులో వింత లేదు, చెట్టు నడిచే తీరే అది. తూతు చెట్టుకు పూత ముదురు కొమ్మ మీద నేరుగా రాదు, దాని కణుపుల్లోంచి కొత్తగా లేచే చిగురు వెంట వస్తుంది. ఆకు దూసినా, కొమ్మ కొసలు కత్తిరించినా నిద్రలో ఉన్న మొగ్గలు లేస్తాయి, పూత కూడా వాటితోనే లేస్తుంది. ఇప్పుడు నేను నా చెట్టుకు ప్రతి డిసెంబరులో ఈ పనే చేస్తాను. నేర్పింది ఆ ఆకు తక్కువ పడ్డ పంట.

చిన్నాయన పట్టు ఎక్కువ కాలం సాగలేదు. చుట్టుపక్కల అంతా పత్తి. ఒకరోజు పక్క చేనులో మందు కొడుతుంటే గాలి మా తోట మీదికి తిరిగింది. ఆ ఆకు తిన్న పురుగులు రాత్రికల్లా తలలు అటూ ఇటూ కొట్టుకుంటూ పచ్చటి రసం కక్కుకున్నాయి. తెల్లారేసరికి తట్టల నిండా ముడుచుకుపోయిన పురుగులే. మందు కొట్టినాయన మంచివాడు, చూసి ఏడ్చినంత పని చేశాడు. మళ్ళీ ఒకటి రెండు పంటలు తీసి, చిన్నాయన తోట దున్ని బత్తాయి పెట్టాడు. బత్తాయి కోసం బోర్లు వేశాం. మేమే కాదు, ఊరంతా వేసింది. బోర్లు లోతుకు పోయిన కొద్దీ బాయి అడుగంటింది. తొట్టి కాడి తడి ఆరింది. చెట్టు పై కొమ్మలు ఎండుతూ వచ్చాయి. ఆఖరుకు బాయిని మట్టితో పూడ్చి చదును చేసిన ఏడాది చెట్టును కూడా తీసేశారు. నేను అప్పటికి హైదరాబాదులో నౌకరీలో ఉన్నాను. అవ్వ పోయి చాలా రోజులైంది, అది ఆమె చూడలేదు.

తర్వాత తూతుపండ్ల మీద మనసు పోయి నర్సరీల్లో మొక్కలు కొన్నాను. ఒకటి వేలెడు పొడుగు పండ్లు కాసేది. కోసి చూపిస్తే అందరూ అబ్బురపడతారు. తింటే బెల్లప్పాకం, పులుపు లేదు. ఇంకొకటి ఆకు చూడగానే గుర్తుపట్టాను, చిన్నాయన తోటలోని రకం. నల్లటి పండ్లే కాసింది గానీ సప్పగా, నీళ్ళగా ఉంది. మల్బరీ అంటే ఇంతేనా అని నా పిల్లలు అంటే నాకు గుండెలో కలుక్కుమన్నది. ఇంతే కాదని వాళ్ళకు చూపించడానికి చెట్టు లేదు.

చెట్టు ఉందని మేనత్త చెప్పింది. కల్వకుర్తి దాటి అచ్చంపేట పోయే దిక్కున ఆమె అత్తగారి ఊరు. ఒక పెళ్ళిలో పక్కన కూర్చొని మాటల్లో మాటగా నేను బాయి సంగతి ఎత్తితే, "మీ ఇంటికాడ పోతే పోయింది అల్లుడా, మా కొట్టం ఎన్క ఉన్నది గదా!" అంది. మొదటి కాన్పుకు పుట్టింటికి వచ్చి తిరిగి పోయేటప్పుడు, చంకలో పిల్ల, చేతిలో తూతు కొమ్మ పట్టుకొని బస్సెక్కిందట. పశువులు నీళ్ళు తాగే తొట్టి పక్కన గుచ్చింది. పోయి చూస్తే అదే చెట్టు. మా బాయికాడి దానంత లావు లేదు గానీ అదే పండు, అదే పులుపు, పండు మీద అవే వెంట్రుకలు.

ఇది నర్సరీ రకాల్లో ఒకటి కాదని నాకు నోటికి తెలుసు. కంటికి కూడా తెలియాలనిపించింది. డిగ్రీ కాలేజీలో బాటనీ చెప్పే మా దోస్తును వెంటబెట్టుకొని ఫిబ్రవరిలో, పూత మీద ఉన్నప్పుడు, అత్తమ్మ ఊరు పోయాను. ముందు రోజే పట్టు రైతు తోటలోంచి ఒక కొమ్మ, నా పొడుగు పండ్ల చెట్టు నుంచి ఒక కొమ్మ తీసిపెట్టాను. మూడింటినీ మంచం మీద పక్కపక్కన పెట్టి చూశాం.

మొదట ఆకు. పట్టు రైతు దగ్గరిది వి-1, మైసూరులోని కేంద్ర పట్టు పరిశోధన సంస్థ 1997లో విడుదల చేసిన రకం. ఆకు పెద్దది, దళసరి, నున్నగా మెరుస్తుంది, అంచు ఎక్కడా చీలదు. అత్తమ్మ చెట్టు ఆకు పలచన, పైన వేలితో రాస్తే గరుకు. కొస సన్నగా సాగి పొడుగ్గా దిగుతుంది. ఒకే కొమ్మ మీద నిండు ఆకూ ఉంది, మూడు పాయలుగా, అయిదు పాయలుగా చీలిన ఆకూ ఉంది. ఇక్కడ నా దోస్తు ఒక జాగ్రత్త చెప్పాడు. చీలిన ఆకు ఒక్కటి చూసి ఇదే అని తేల్చొద్దు. చాలా మల్బరీలకు లేత వయసులో, కొట్టిన తర్వాత లేచే జోరు కొమ్మల మీద ఆకు చీలుతుంది. రంగుతోనూ తేల్చొద్దు. మోరస్ ఆల్బా అనే తెల్ల మల్బరీ పండు తెల్లగానూ ఉంటుంది, నల్లగానూ ఉంటుంది. పండు నల్లగా ఉంది కదా అని మోరస్ నైగ్రా అనుకోవద్దు. అది పశ్చిమ ఆసియా చెట్టు. మామూలు మల్బరీ కణంలో 28 క్రోమోజోములుంటే దానిలో 308 ఉంటాయి, అది వేరే లోకం.

తేల్చేది పువ్వు. భూతద్దం కింద పెట్టాడు. ఆడపువ్వు నువ్వుగింజ కన్నా చిన్నది, ఆకుపచ్చది, రేకులు లేనట్టే. దాని నెత్తిన రెండుగా చీలిన కీలాగ్రం, పుప్పొడి అందుకునే కొస. వి-1 కొమ్మ మీద ఆ రెండు పాయలూ కాయ నెత్తి మీంచే విచ్చుకున్నాయి, మధ్యలో కాడ ఉందా లేదా అన్నట్టుంది. అత్తమ్మ చెట్టు పువ్వుకు ముందు ఒక కాడ స్పష్టంగా పైకి లేచి, ఆ పైన రెండుగా చీలింది. చీలిన పాయల మీద నూగు. ఆ కాడే పండు పండిన తర్వాత కూడా ఊడకుండా ఎండి నిలుస్తుంది. చిన్నప్పుడు పట్నం పిల్లలు ఊదుకున్న వెంట్రుకలు అవే. నేను భూతద్దం పట్టుకొని అట్లనే కూర్చుండిపోయాను. అత్తమ్మ వచ్చి తనూ చూసింది. "మా అమ్మ ఏరి ఏరి పెట్టిన పండు మీదియా ఇవి?" అంది.

ఈ కాడ ఉన్నదాన్ని మోరస్ ఇండికా అంటారని దోస్తు చెప్పాడు. స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1753లోనే ఆల్బాకూ దీనికీ విడివిడిగా పేర్లు పెట్టాడు. రెండింటి మధ్య గీత ఎక్కడ గీయాలన్నది మాత్రం వృక్షశాస్త్రజ్ఞుల్లో ఇప్పటికీ తెగలేదు. హిమాలయాల అడుగు కొండల్లో ఇది దానంతట అదే మొలుస్తుంది, మన దక్కనులో మనుషుల చేతుల మీదుగా తిరిగిన చెట్టు. నా మటుకు మూడు తరాలు మా ఇంటి నీళ్ళు తాగిన చెట్టు నాటుదే. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, ఇండియన్ మల్బరీ అని వెతికితే నోని వస్తుంది. అది మన తొగరు చెట్టు జాతి, కాఫీ కుటుంబం, వేళ్ళ నుంచి రంగు తీసేవాళ్ళు. దీనికి చుట్టం కాదు. దీని చుట్టాలు మర్రి, రావి, మేడి, పనస. ఆకు తుంచితే తెల్లటి పాలు కారే చెట్లన్నీ చుట్టాలు కాకపోయినా, ఇవన్నీ మాత్రం ఒక ఇంటివే. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి ఎకరాల మేర ఊడలు దింపిన చెట్టు కదా, అదీ తూతుకు పెద్దదిక్కే. 2018లో చెదలు పట్టిన ఆ మర్రికి మనిషికి ఎక్కించినట్టు సెలైన్ సీసాలు కట్టి మందు ఎక్కించి బతికించుకున్నారు. ఆ పేపర్లలో వచ్చిన ఫోటో నేను దాచుకున్నాను.

అత్తమ్మ ఊళ్ళో గుడి వెనక ఇంకో తూతు చెట్టు ఉంది, పిట్ట రెట్టలో పడి మొలిచిందట. ఎంత పెరిగినా పండు లేదని ఊరివాళ్ళకు దాని మీద కోపం. అది మగ చెట్టు. మల్బరీల్లో చాలావాటికి ఆడ, మగ వేరు. పొద్దున ఎండ తగిలే వేళకు దాని కింద నిలబడితే వేలాడే పూగుత్తుల్లోంచి ఉండి ఉండి పసుపు దుమ్ము చిమ్మేది. తెల్ల మల్బరీలో ఆ చిమ్మే వేగాన్ని 2006లో హైస్పీడ్ కెమెరాతో కొలిచారు. కేసరం విప్పారడానికి 25 మైక్రోసెకన్లు కూడా పట్టలేదు, పుప్పొడి ధ్వని వేగంలో సగానికి మించిన వేగంతో ఎగిరింది. ఇంత సంగతి ఉన్న చెట్టును పనికిరానిదని కొట్టేయొద్దని సర్పంచుకు చెప్పి వచ్చాను. కానీ పండు కోసం నాటుకునే వాళ్ళు విత్తనం జోలికి పోవద్దనడానికి కూడా అదే సాక్ష్యం. విత్తనం మొలిస్తే ఏది వస్తుందో తెలియదు. మీ కళ్ళతో పండు చూసిన కొమ్మ నాటితే వచ్చేది ఆ చెట్టే, ఆ రుచే.

కొమ్మ నాటడం సులువు. ఆర్నెల్లు దాటి తొక్క గోధుమ రంగుకు తిరిగిన, పెన్సిలంత లావు కొమ్మ తీయాలి. లేత ఆకుపచ్చ కొమ్మ కుళ్ళిపోతుంది. మూడు నాలుగు కణుపులుండేట్టు జానెడు ముక్కలు కోసి, కింది కోత కణుపుకు దిగువన ఏటవాలుగా పెట్టాలి. ఎర్రమట్టి, ఇసుక, మాగిన పెంట ఎరువు కలిపిన సంచిలో రెండు కణుపులు లోపలికి పోయేట్టు గుచ్చి నీడలో పెట్టాలి. ముసురు రోజులైతే మేలు. పది పదిహేను రోజుల్లో చిగురు వస్తుంది. ఆ చిగురు కట్టెలో ఉన్న బలంతో వచ్చింది, వేళ్ళతో కాదు. వేరు పట్టిందా అని పీకి చూస్తే అంతే సంగతులు. మూడు నాలుగు నెలలు ఆగి నేలలో నాటితే రెండో ఏడే నాలుగు పండ్లు చూస్తారు.

కొసల్లో ఆకులు ముడుచుకొని గుబురు కడితే పిండినల్లి పట్టినట్టు. పట్టు రైతులు దాన్ని తుక్రా అంటారు. ఆ కొసలు కత్తిరించి సబ్బునీళ్ళ బకెట్లో ముంచేస్తే సరిపోతుంది. మందు కొట్టొద్దు, ఆ పండు కడిగి తినేది కాదు, చెట్టు మీదనే తినేది. ఇంటి గోడకు, పరిచిన బండలకు దూరంగా పెట్టండి, రాలిన పండు సున్నాన్నీ బండనూ ఊదా చేస్తుంది.

నా దగ్గర ఇప్పుడు అత్తమ్మ కొమ్మ నుంచి వచ్చిన చెట్టు కాపుకొచ్చింది. పిల్లలు మొదటి పండు తిని, రెండోదానికి చెయ్యి చాచారు. అన్న తన బత్తాయి తోట గెట్టు మీద ఒకటి నాటాడు, డ్రిప్పు నీళ్ళు అందే చోట. అత్తమ్మకు వయసు మీద పడింది, కొట్టం పడగొట్టి ఇల్లు కట్టాలని కొడుకులు అనుకుంటున్నారు. చెట్టు ఉండే జాగా ప్లానులో వంటింటి మూలకు వస్తుందట. ఆ మూల ఒక గజం లోపలికి జరపమని ఈమధ్యనే పోయి అడిగి వచ్చాను. చూద్దామన్నారు.

మునుగోడు, చండూరు, నాంపల్లి, అటు కొల్లాపూర్, అచ్చంపేట దిక్కున పాత బాయిల కాడ, గడీల వెనక, దర్గాల పక్కన ఇట్లాంటి చెట్లు ఇంకా ఉండే ఉంటాయి. మీ ఎరుకలో ఉంటే వచ్చే శివరాత్రికి పోయి పండు తినండి, పండు మీద వెంట్రుక ఉందో లేదో చూడండి, తొలకరికి ఒక కొమ్మ తెచ్చుకోండి. చెట్టు దొరకని వాళ్ళకు నేనిస్తాను. ఆషాఢంలో ముసురు పట్టగానే నా చెట్టు కొమ్మలు కొడతాను. కట్టెలు తడి గోనెసంచిలో చుట్టి దేవరకొండ బస్టాండు దాకా తెచ్చిస్తాను, అక్కడి నుంచి మీ ఊరు మీరు చూసుకోండి.